పక్కింటివాళ్ళ భాద్రపదం

ఆగస్టు 24, ఆదివారం

నాకు రాసుకునే అలవాటు లేదు. పదో తరగతి పరీక్షల తర్వాత తెలుగులో ఒక పేజీ నిండా రాసిన పాపాన పోలేదు. కానీ ఎవరితో చెప్పను? మా ఆయన రఘువీర్‌తో చెబితే "వదిలెయ్యి వల్లీ" అంటాడు. అమ్మల వాట్సాప్ గ్రూప్‌లో పెడితే మా ఊరు షామ్‌బర్గ్ మొత్తం చదువుతుంది. కూతురు రిషితతో అసలే చెప్పలేను. ఇక్కడైతే ఎవరూ ఎదురు మాట్లాడరు.

ఇవాళ రిషిత రెయిలింగ్ పట్టుకుని మెట్లు ఎక్కింది. సగం ఎక్కి కూర్చుండిపోయింది. తొడలో రాడ్, మోకాలి దగ్గర స్క్రూలు. పదమూడేళ్ళ పిల్ల. జూన్ దాకా స్విమ్మింగ్ పూల్‌లోంచి బయటికి రమ్మంటే వచ్చేది కాదు. ఏ రోజు దెబ్బ తగిలిందో అదే రోజు రీజినల్ టీమ్‌కి సెలెక్ట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. ఆ టీమ్ ఇప్పుడు దాని స్నేహితులతో టెక్సాస్ వెళ్తోంది.

కారు నడిపింది మిరియం. పక్కిల్లే. తొమ్మిదేళ్ళ స్నేహం. నాకు మీటింగ్ ఉందంటే, ప్రాక్టీస్‌కి నేను దింపుతాలే అని తీసుకెళ్ళింది. మలుపు దగ్గర ఫోన్ చూసింది, ఆగి ఉన్న ట్రక్కుని గుద్దింది. ఫోన్ చూస్తున్నానని పోలీసులకి తనే ఒప్పుకుంది. తనకి పక్కటెముకలు కమిలాయి, అంతే.

సెప్టెంబర్ 18న కోర్టు. ప్రాసిక్యూటర్ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. పిల్లకి ఇంత పెద్ద దెబ్బ తగిలింది కాబట్టి ఇది మామూలు ట్రాఫిక్ టికెట్ కాదట, క్రిమినల్ కేసట. జడ్జి ముందు తల్లిగా నేను మాట్లాడొచ్చట. శిక్ష పడితే మిరియం ఇక స్కూల్లో పాఠాలు చెప్పలేదు. రెండో తరగతి టీచరమ్మ! స్కూలు వాళ్ళు ఇప్పటికే సెలవు మీద కూర్చోబెట్టారు.

నాకు కోపం లేదు. న్యాయం కావాలి, అంతే.

ఆగస్టు 25, సోమవారం

మళ్ళీ మొదలైంది కొమ్ము. పక్క పెరట్లో సైమన్, అంటే మిరియం భర్త, పొద్దున్నే పొట్టేలు కొమ్ము ఊదుతున్నాడు. వాళ్ళు యూదులు. వాళ్ళ సంవత్సరంలో ఆఖరి నెల ఇవాళ్టి నుంచి. ఎలూల్. వాళ్ళవీ చంద్రుణ్ణి బట్టి నడిచే నెలలే, ఈసారి మన భాద్రపదంతో పాటే వచ్చింది. నెలంతా శనివారాలు తప్ప రోజూ పొద్దున ఊదాలి. నిద్రపోతున్న మనసుని లేపడానికట. మనసు సంగతేమో గానీ రిషిత ఉలిక్కిపడి లేచింది.

కొత్త సంవత్సరం వచ్చేలోపు ఎవర్ని కష్టపెట్టారో వాళ్ళ దగ్గరికి వెళ్ళి క్షమించమని అడగాలి. ఏటా ఈ రోజుల్లో మిరియం వచ్చి "ఈ ఏడాది నిన్నెక్కడైనా నొప్పించానా వల్లీ?" అని అడిగేది. నేను పడీపడీ నవ్వి ఉండ్రాళ్ళు పెట్టి పంపేదాన్ని.

సాయంత్రం తలుపు తీస్తే తనే. జూన్ తర్వాత ఇంత దగ్గరగా చూడలేదు. బాగా చిక్కిపోయింది.

"వల్లీ, నేను ఒక మాట అడగడానికి వచ్చాను" అంది.

"ఇట్స్ ఓకే మిరియం, ఇట్స్ ఓకే" అనేశాను.

ఎందుకన్నాను? కాలు తొక్కి ఎవరైనా సారీ అంటే వాళ్ళ నోట్లో మాట పూర్తి కాకముందే "అయ్యో పర్లేదండీ" అనేసే నోరు కదా మనది. ఆ నోటికి కాలి బొటనవేలికీ తొడ ఎముకకీ తేడా తెలీలేదు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నేనింకా అడగనే లేదు. అడక్కముందే ఇచ్చేస్తే నేను తీసుకోకూడదు. నీ మనసులో లేదు అది. మళ్ళీ వస్తాను."

వెళ్ళిపోయింది. ఒళ్ళు మండిపోయింది నాకు. గుద్దింది నువ్వు, నా నోటి మాటకి మార్కులు వేసేదీ నువ్వేనా? టీచర్ బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. ఈసారి పత్రి లేదు, మట్టి బొమ్మ లేదు, ఉన్న చిన్న వెండి గణపతికే చేశాం. రిషిత కింద కూర్చోలేదు కాబట్టి కుర్చీలో కూర్చోబెట్టాను. కథ రఘువీర్ చదివాడు. ఏటా మధ్యలో ఫోన్ చూసుకునే పిల్ల, ఈసారి శమంతకమణి కథ మొత్తం కళ్ళార్పకుండా వింది. "సో కృష్ణ ఏం చెయ్యలేదు, బట్ ఎవ్రీవన్ తనే అనుకున్నారు?" అని అడిగింది. అవునన్నాను. అక్షతలు నెత్తిన వెయ్యబోతే తల పక్కకి తిప్పేసి ఏడ్చింది. కాలు నొప్పి. మందు టైమ్ దాటిపోయింది, నాదే పొరపాటు.

ఆగస్టు 30, శనివారం

కొమ్ము లేదు ఇవాళ. హాయిగా ఉంది.

సెప్టెంబర్ 2, మంగళవారం

ఇంటర్నెట్‌లో చదివాను, ఈ ఎలూల్ కథేంటో చూద్దామని. చదవకుండా ఉండాల్సింది.

అడిగేవాళ్ళు మూడుసార్లు అడగాలట. ప్రతిసారీ వేరే మాటల్లో. ముగ్గురు మనుషుల్ని వెంటబెట్టుకుని కూడా వెళ్తారట. మూడోసారీ కాదంటే ఇక వాళ్ళ బాధ్యత తీరిపోయినట్టే. కాదన్నవాళ్ళది రాతి గుండె అని లెక్కట!

ఏం నియమమమ్మా ఇది? పిల్ల కాలు విరగ్గొట్టినవాళ్ళు మూడుసార్లు తలుపు కొడితే పాపం నాకు చుట్టుకుంటుందా? నేనేమన్నా వాళ్ళ మతంలో పుట్టానా? నా కూతురు బాత్రూమ్‌కి వెళ్ళాలంటే నన్ను పిలవాల్సి వచ్చి సిగ్గుతో ఏడ్చిన రోజు ఈ నియమాలన్నీ ఎక్కడికి పోయాయి?

రఘువీర్‌కి చూపించాను. "ఆవిడ మీద నీకింత కోపం ఉందని ఆవిడకి తెలుసు వల్లీ. నీకే తెలీదు" అన్నాడు.

"నాకు కోపం లేదు."

"సరే లేదు. అరవమాకు."

సెప్టెంబర్ 5, శుక్రవారం

చెత్త డబ్బా బయట పెడుతుంటే సైమన్ పిలిచాడు. మనిషి డయాలిసిస్ మీద ఉన్నాడు, వారంలో మంగళ, గురు, శని వెళ్ళాలి. ఇదివరకు మిరియమే తీసుకెళ్ళేది. యాక్సిడెంట్ అయిన దగ్గర్నుంచి ఆవిడ స్టీరింగ్ పట్టుకోలేకపోతోందట, చేతులు వణుకుతున్నాయట. వాళ్ళ ప్రార్థనా మందిరం, అదే సినగాగ్, వాళ్ళు వంతులేసుకుని తిప్పుతున్నారు. నేను అడగలేదు, తనే చెప్పాడు.

ఎలూల్ గురించి కూడా చెప్పాడు. ఏడాదంతా రాజు, అంటే దేవుడు, కోటలో ఉంటాడట, ఈ ఒక్క నెల మాత్రం పొలాల్లోకి వస్తాడట. ఎవరైనా ఎదురెళ్ళి మాట్లాడొచ్చట, నవ్వుతూ పలకరిస్తాడట. నేను ఏటా తిరుపతి వెళ్ళి క్యూల్లో నిలబడి పెరిగినదాన్ని. దేవుడే మన దగ్గరికి నడిచొస్తాడంటే నమ్మను. ఆ మాట అంటే సైమన్ నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

అప్పుడు మిరియం ఇంట్లోంచి వచ్చింది. రెండోసారి అడిగింది. ఈసారి నేను మధ్యలో మాట్లాడలేదు.

"నీ బిడ్డని నా చేతుల్లో పెట్టావు. నేను రోడ్డు మీంచి కళ్ళు తీశాను. నా వల్ల ఆ పిల్ల ఒక ఏడాది పోగొట్టుకుంది. నువ్వు నన్ను నమ్మడం పోగొట్టుకున్నావు. దానికి నన్ను క్షమించమని అడుగుతున్నాను."

"ఏం చూశారు ఫోన్‌లో? అంత ముఖ్యమైనదేంటి?" అన్నాను.

కిందికి చూస్తూ నిలబడింది.

"ఏం చెప్పాలో కోర్టులో చెప్తాను" అని లోపలికి వచ్చేశాను. చేతులు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను.

ఏం చూసిందో చెప్పదేం? సిగ్గుమాలిన వీడియో ఏదో అయ్యుంటుంది. నేను అప్పుడే అనుకున్నాను.

సెప్టెంబర్ 9, మంగళవారం

ఫిజియోథెరపీకి వెళ్తూ కార్‌లో నేను జడ్జి ముందు చెప్పబోయేది రిషితకి వినిపించాను. బాగా కుదిరింది. "నా కూతురి శరీరం కన్నా ఫోన్ ముఖ్యమనుకున్న మనిషి" అన్న దగ్గర అది కిటికీ వైపు తిరిగి, "స్టాప్. అమ్మా, జస్ట్ స్టాప్" అని అరిచింది. కారు పక్కకి ఆపాను. తలుపు తీసి వాంతి చేసుకుంది.

"షీ విల్ గో టు జెయిల్?" అని అడిగింది.

"జైలేం ఉండదులే నాన్నా. ఉద్యోగం పోతుంది. పిల్లల దగ్గరికి రానివ్వరు."

మళ్ళీ వాంతి. కొత్త నొప్పి మాత్ర పడట్లేదు. డాక్టర్‌కి మెసేజ్ పెట్టాను, మాత్ర మార్చమని. పిల్ల ఎంత మంచిదంటే, తన కాలు విరగ్గొట్టినావిడ మీద కూడా జాలి పడుతోంది. నా పెంపకం అది.

సెప్టెంబర్ 11, గురువారం

మాత్ర మార్చినా తినడం లేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బెల్ మోగింది. మిరియం, వెనక ముగ్గురు. సినగాగ్ పెద్దవాళ్ళు ఇద్దరు మగాళ్ళు, చేతికర్రతో ఒక ముసలావిడ. నా గుమ్మం ముందు పంచాయితీ! రఘువీర్ లోపలికి రమ్మన్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"మూడోసారి కదా?" అన్నాను. "నాకు తెలుసు. చదివాను. నేను కాదంటే మీ లెక్క సరిపోతుంది, అంతేనా? పదండి, కాదంటున్నాను. రాతి గుండె అని రాసుకోండి."

ముసలావిడ ఏదో అనబోతే మిరియం చెయ్యి పట్టి ఆపింది. "నీ మీద లెక్క తోసేయడానికి రాలేదు వల్లీ. లెక్క తీరడం నాకు అక్కర్లేదు. రిషితకి ఒక్కసారి నా మొహం చూపించనివ్వు. ఆ పిల్లకి కోపం నా మీద కాదు, తన మీద తనకి..."

అక్కడ ఆగిపోయింది. తప్పు మాట జారినట్టు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

వెనక చప్పుడైతే చూశాను. రిషిత. ఒంటి కర్ర మీద హాల్ దాటి వచ్చేసింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఫోన్ నాది" అంది.

రఘువీర్ దాని వైపు అడుగేశాడు.

"ఆంటీ ఫోన్ కాదు అమ్మా. నా ఫోన్. టీమ్ మెసేజ్ వచ్చింది. ఐ మేడ్ ఇట్ అని అరిచాను. ఆంటీ చూడట్లేదు, రోడ్ చూస్తోంది. ఐ పుట్ ఇట్ ఇన్ హర్ ఫేస్. చూడు చూడు అని. షీ లుక్డ్ ఫర్ లైక్, వన్ సెకండ్. షీ స్మైల్డ్. దెన్..."

కూలిపోబోతే రఘువీర్ పట్టుకున్నాడు. దాని ఏడుపు ఎలా ఉందంటే, ఆపరేషన్ అయిన రోజు కూడా అలా ఏడవలేదు.

మిరియం నన్ను దాటుకుని లోపలికి వచ్చి నేల మీద దాని పక్కన కూర్చుంది. "నీకు చెప్పాను కదా, ఆ రోజే చెప్పాను కదా. నడిపేది నేను. కళ్ళు నావి. పదమూడేళ్ళ పిల్ల సంతోషం పట్టలేకపోవడం తప్పు కాదు" అంటూ దాని తల నిమిరింది. నా వైపు చూసి, "దయచేసి కోర్టులో ఈ పిల్ల మాట రానివ్వొద్దు. నా మాట మీదే పోనివ్వండి" అంది.

అంబులెన్స్ కోసం ఎదురుచూస్తున్నప్పుడే చెప్పిందట, ఇది నీ తప్పు కాదు, ఎవరికీ చెప్పనక్కర్లేదు అని. పోలీసులతోనూ అబద్ధం చెప్పలేదు, ఫోన్ చూస్తున్నానంది. ఎవరి ఫోన్ అని వాళ్ళడగలేదు. నేనూ అడగలేదు.

ఆ ముగ్గురూ గుమ్మం బయట నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. నేను ఏం చేశానో తెలుసా? టీ పెట్టనా అని అడిగాను.

సెప్టెంబర్ 15, సోమవారం

అయినా స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంది? పిల్లలు అరుస్తారు, గెంతుతారు, ఫోన్లు మొహాన పెడతారు. పెద్దవాళ్ళు చూడకూడదు. చూడకూడదు, అంతే. ఆవిడే అంటోంది పిల్ల పేరు రానివ్వొద్దని. ఆవిడకే అక్కర్లేనప్పుడు నాకేం పట్టింది?

నా కూతురు బతికినంత కాలం "నా వల్లే" అనుకోవాలా? స్కూల్లో అందరికీ తెలియాలా?

చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు. మిరియం ఎలాగూ రిటైరయ్యే వయసే.

సెప్టెంబర్ 16, మంగళవారం

పైది మళ్ళీ చదివాను. "ఎవరికీ నష్టం లేదు" అని రాసింది నేనే. ఛీ.

రఘువీర్‌తో గొడవ. నిజం చెప్పాల్సిందే అంటాడు.

"ఏం మాట్లాడుతున్నవ్ నువ్వు? పిల్లని బోనెక్కిస్తవా?" అన్నాను. కోపమొస్తే నా హనుమకొండ బయటికి వస్తుంది.

"పిల్ల ఆల్రెడీ బోనులోనే ఉందే. జూన్ నుంచి ఉంది. నువ్వు తాళం వేస్తానంటున్నావు."

రిషిత పైనుంచి వింటోంది. "ఐ విల్ టెల్ దెమ్ మైసెల్ఫ్" అంది. ఇవాళ రెండు దోసెలు తింది. అడిగి మరీ వేయించుకుంది. మాత్ర మార్చినందుకు కాదని నాకిప్పుడు తెలుసు.

ఇంకొకటి ఉంది. అది కూడా రాయాలి.

జూన్‌లో హాస్పిటల్ నుంచి అమ్మల గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టాను. జాగ్రత్తగా ఉండమని మాత్రమే రాశాననుకుంటున్నాను ఇన్నాళ్ళూ. ఇవాళ పైకి జరుపుకుంటూ వెళ్ళి వెతికాను. "మిరియం వీడియోలు చూసుకుంటూ నడిపింది. ఇది మొదటిసారి కాదట. మీ పిల్లల్ని ఆవిడ దగ్గరికి పంపకండి." అదీ నేను రాసింది. వీడియో అని ఎవరు చెప్పారు నాకు? మొదటిసారి కాదని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నాకే అనిపించింది, రాసేశాను. గ్రూప్‌లోనే ఉండే రష్మి దాన్ని ఇంగ్లీషులోకి మార్చి స్కూల్ పేరెంట్స్ పేజీలో పెట్టింది. ఆ వారంలోనే స్కూలు మిరియంని సెలవు మీద పంపింది.

కేసు వల్ల కాదు. నా మాట వల్ల.

సెప్టెంబర్ 18, గురువారం

చెప్పేసింది. జడ్జి దాకా వెళ్ళనే లేదు. ముందు గదిలో ప్రాసిక్యూటర్ ఆఫీసు ఆవిడ, "అమ్మగారు ఏం చెప్తారు?" అని నన్నడిగితే, "మా అమ్మాయి చెప్తుంది" అన్నాను. రిషిత కర్ర గోడకి ఆనించి నిలబడి చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు. మిరియం లాయర్‌ని పిలిపించారు. ఆయన నోరెళ్ళబెట్టాడు, ఆయనకీ తెలీదు. మిరియం మాత్రం "చూసింది నేనే" అని అదే మాట పట్టుకుంది.

గంటకి పైగా లోపల మాట్లాడుకున్నారు. క్రిమినల్ చార్జ్ తీసేశారు. అజాగ్రత్తగా నడిపినందుకు టికెట్, మళ్ళీ డ్రైవింగ్ క్లాస్.

వరండాలో మిరియం రిషితని కౌగిలించుకుంది. రిషిత "ఐయామ్ సారీ ఆంటీ" అంటే, "క్షమించాను. అడక్కముందు కాదు, ఇప్పుడు. విన్నావా?" అంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. మిరియం నా వైపు చూసి చిన్నగా తల ఊపి లిఫ్ట్ వైపు నడిచింది.

సెప్టెంబర్ 19, శుక్రవారం

గ్రూప్‌లో పెట్టాను. నాలుగుసార్లు రాసి చెరిపి ఇది పంపాను:

"జూన్‌లో మిరియం గురించి నేను రాసింది నిజం కాదు. వీడియో చూడలేదు. అంతకు ముందెప్పుడూ అలా నడపలేదు. అవి నేను కల్పించిన మాటలు. మా రిషిత ఫోన్ చూపిస్తే ఒక్క క్షణం చూసింది. రష్మీ, దయచేసి ఇది కూడా స్కూల్ పేజీలో పెట్టు."

తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. ఒట్టి చేతులతో వెళ్ళాను, ఏ గిన్నె పట్టుకెళ్ళినా లంచంలా ఉంటుందనిపించింది. మిరియం వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని శుక్రవారం సాయంత్రం ప్రార్థనకి వెలిగించే కొవ్వొత్తులు సర్దుకుంటోంది. అంతా చెప్పాను. హాస్పిటల్‌లో కూర్చుని రాసిన మాటలు, ఒక్కోటి, చదివి వినిపించాను. "నన్ను క్షమించండి మిరియం" అన్నాను.

చేతిలో ఉన్న కొవ్వొత్తిని బల్ల మీద పడుకోబెట్టింది.

"నువ్వు నా మీద అరిచిందంతా ఎప్పుడో పోయింది" అంది చివరికి. "నేనైనా అరిచేదాన్నే. కానీ ఇది వేరు. పద్దెనిమిదేళ్ళుగా నేను చదువు చెప్పిన పిల్లల తల్లులు కిరాణా షాపులో నన్ను చూసి పిల్లల్ని అవతలికి లాక్కున్నారు. లేని మాట పుట్టించి పేరు పాడుచేస్తే క్షమించి తీరాలని మా నియమాల్లో లేదు వల్లీ. అది ఒక్కటే మినహాయింపు. నియమం వెనక దాక్కోవడం నాకిష్టం లేదు. కానీ ఇప్పుడు ఆ మాట అంటే అబద్ధమవుతుంది."

"నెల అయిపోతోంది కదా?" అన్నాను, చిన్నపిల్లలా.

"నెల అయిపోతుంది. నాకే ఇంకా అవ్వలేదు."

తిట్టినా బాగుండేది. తలుపు దాకా వచ్చి సాగనంపింది, అదింకా కష్టం. ఇంటికొచ్చి బట్టలు ఉతికే గదిలో కూర్చుని ఏడ్చాను. నాకు కోపం వచ్చింది, సిగ్గేసింది, భయం వేసింది. మిరియం లేకపోతే ఈ దేశంలో నాకు ఈ తొమ్మిదేళ్ళు లేవు.

సెప్టెంబర్ 21, ఆదివారం

మహాలయ అమావాస్య. రఘువీర్ వాళ్ళ నాన్నకి తర్పణం వదిలాడు. సాయంత్రం పార్కులో బతుకమ్మ మొదలైంది, నేను వెళ్ళలేదు. గ్రూప్‌లో చాలామంది చదివారు. ఒక్కరూ ఏమీ అనలేదు. రష్మి కూడా.

సైమన్ ఫోన్ చేశాడు. మంగళవారం వాళ్ళ కొత్త సంవత్సరం, సినగాగ్ వాళ్ళంతా పొద్దున్నే ప్రార్థనల్లో ఉంటారు. డయాలిసిస్ మాత్రం ఆగదు. "నువ్వు తీసుకెళ్తావా?" అన్నాడు. మిరియంకి తెలుసా అని అడిగాను. "తెలుసు. తనూ వస్తుంది" అన్నాడు.

సెప్టెంబర్ 23, మంగళవారం

సైమన్ ముందు సీట్లో కూర్చున్నాడు. మిరియం తెల్ల బట్టల్లో వచ్చి వెనక సీటు తలుపు తీసుకుని కూర్చుంది, సరిగ్గా నా వెనక. "హ్యాపీ న్యూ ఇయర్" అన్నాను. "థాంక్ యూ" అంది. అంతే.

సైమన్ కళ్ళు మూసుకున్నాడు. నేను ఇంత నెమ్మదిగా ఎప్పుడూ నడపలేదు. రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, సిగ్నల్ పసుపు పడకముందే బ్రేక్ వేస్తూ.

హైవేకి తిరగబోతుంటే హోల్డర్‌లో ఉన్న ఫోన్ వెలిగింది. రష్మి. నాలుగు రోజులుగా ఈ పేరు కోసమే చూస్తున్నాను. స్కూల్ పేజీలో పెట్టిందా? స్కూలు ఏమంది? మిరియంని రమ్మన్నారా? చదివి వెనక్కి తిరిగి చెప్పాలని ప్రాణం లాగింది. కళ్ళు అటు పోయాయి.

ఒక్క క్షణమే. కళ్ళెత్తేసరికి ముందున్న వ్యాన్ బ్రేక్ లైట్లు ఎర్రగా మీదికి వచ్చేశాయి. బ్రేక్ తొక్కాను. సైమన్ ముందుకి తూలి బెల్టుకి ఆగాడు. వ్యాన్‌కీ మాకూ మధ్య ఒక మనిషి నిలబడేంత చోటు కూడా లేదు.

అద్దంలో మిరియం మొహం. ఆవిడ అంతా చూసింది. ఫోన్ వెలగడం, నా కళ్ళు పోవడం, అంతా.

కారు పక్కకి తీసి ఆపాను. చేతులు వణుకుతున్నాయి. ఆపుదామంటే ఆగడం లేదు. స్టీరింగ్ మీద తల పెట్టుకుని "మిరియం, మిరియం" అంటున్నాను. ఇంకేం మాట రాలేదు.

వెనక నుంచి చెయ్యి ముందుకి చాపి హోల్డర్‌లోంచి ఫోన్ తీసింది. చూడలేదు, బోర్లించి తన ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత అదే చెయ్యి నా భుజం మీదికి వచ్చింది. ఆ చెయ్యి కూడా వణుకుతోంది. వణుకు తగ్గేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. ముందు ఎవరిది తగ్గిందో తెలీదు.

"పద వల్లీ" అంది. "సైమన్‌కి లేటవుతుంది."